‘నైస్’ అంటే ఎంత బాగున్నట్టు?

కారం పట్టించుకుందామని ఎండుమిరపకాయల డబ్బాతో పిండి మర దగ్గరికి వెళ్తే, అక్కడ ముందుగా అడిగే మాట ఇది: “నైస్‌గా పట్టాలా, కాస్త బరకగా ఉంచాలా?” ఇక్కడ నైస్ అంటే మెత్తన. రెండు వేళ్ళ మధ్య పెట్టి రాస్తే పలుకు తగలకూడదు. అదే మర ముందు బెంచీ మీద వంతు కోసం కూర్చున్న కుర్రాడు ఫోన్లో ఎవరిదో పెళ్ళి ఫోటో కింద “నైస్ పిక్ బావా” అని కొడతాడు. ఇక్కడ నైస్ అంటే బాగుంది. పక్కనున్నాయన ఇంకెవరి సంగతో చెబుతూ “నైస్‌గా మాట్లాడి, ఇవ్వాల్సిన డబ్బు ఎగ్గొట్టాడండీ” అంటాడు. ఇక్కడ ఆ మాటలో మెప్పు ఏ కోశానా లేదు.

ఒక్క మాట, మూడు పనులు. ముగ్గురూ మాట్లాడింది తెలుగే, వినేవాళ్ళకు ఎక్కడా తికమక లేదు. తికమక వచ్చేది అదే మాటను ఇంగ్లీషులో విన్నప్పుడూ, ఇంగ్లీషులో వాడినప్పుడూ. బళ్ళో చిన్న తరగతుల్లోనే ‘నైస్’ అంటే ‘మంచి’, ‘బాగున్న’ అని నేర్పేస్తారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ మళ్ళీ తెరిచి చూడరు. అంత తేలిక మాటకు చూడ్డానికేముంది అనిపిస్తుంది. నిజానికి ఇంగ్లీషులో మెప్పు తెలిపే విశేషణాల్లో ఇంత జారుడు మాట ఇంకొకటి దొరకడం కష్టం. ‘ఎక్సలెంట్’ అంటే ఎంత బాగుందో తెలుస్తుంది. ‘నైస్’ అంటే ఎంత బాగుందో అన్నవాడి మొహం చూస్తే తప్ప తెలియదు.

ఈ జారుడుతనం ఇవాళ్టిది కాదు, మాట పుట్టుకలోనే ఉంది. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అనే మాట ఉంది. ‘నె’ అంటే కాదు, లేదు. ‘స్కిరె’ అంటే తెలియడం. రెండూ కలిస్తే ఏమీ తెలియనివాడు. ఈ ‘స్కిరె’ నుంచే సైన్స్ అనే మాట కూడా వచ్చింది. అంటే సైన్స్, నైస్ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు, ఒకటి తెలివి వైపు, ఒకటి తెలియనితనం వైపు. పాత ఫ్రెంచి ద్వారా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి అడుగుపెట్టినప్పుడు నైస్ అంటే తెలివితక్కువ అనే అర్థం. 14వ శతాబ్దపు కవి చాసర్ రాతల్లో ఎవరినైనా నైస్ అన్నారంటే అది తిట్టే. అదే లాటిన్ మాట స్పానిష్‌లో ‘నెసియో’గా మారి ఇప్పటికీ మూర్ఖుడు అనే అర్థంలోనే ఉంది. ఒకే ఇంటి మాట ఒక దేశంలో తిట్టుగా మిగిలిపోయి, ఇంకో దేశంలో మెప్పయింది.

తిట్టు మెప్పుగా ఎలా మారుతుంది? తెలుగువాళ్ళకు ఇది అర్థం చేసుకోవడం అంత కష్టమేమీ కాదు, మన దగ్గరా ఇలాంటి మాట ఉంది కాబట్టి. ‘ముగ్ధ’ అనే సంస్కృత పదానికి మొదటి అర్థం మోహంలో పడ్డ, మతిపోయిన అని. అక్కడి నుంచి మూఢమైన, లోకం తెలియని అనే అర్థాలు వచ్చాయి. లోకం తెలియని పిల్ల ముఖంలో ఒక అందం ఉంటుంది కనక చివరికి మనోహరమైన అనే అర్థం స్థిరపడింది. అలంకార శాస్త్రంలో ముగ్ధ, మధ్య, ప్రౌఢ అని నాయికలను చెప్పేటప్పుడు ముగ్ధ అంటే బుద్ధిలేనిది అని ఎవరూ అనుకోరు. ‘ముద్దరాలు’ కూడా ఆ ముగ్ధే. ఇక ‘అమాయకుడు’ అనే మాటైతే ఇప్పటికీ గడప మీదే నిలబడి ఉంది. “పాపం, అమాయకుడు” అన్నప్పుడు అందులో జాలి ఎంత, ముచ్చట ఎంత, తెలివితక్కువవాడన్న చులకన ఎంత అన్నది పలికే తీరును బట్టి తేలుతుంది. నైస్ కూడా ఇలాంటి గడపలు ఎన్నో దాటుకుంటూ వచ్చింది.

కాకపోతే దాని దారి మన ముగ్ధ కన్నా చాలా వంకర. బుద్ధిలేని అనే అర్థం నుంచి విచ్చలవిడి అని, సోమరి అని, ఆ తర్వాత సుకుమారం మితిమీరిన, ప్రతిదానికీ ముక్కు విరిచే అని మారింది. ప్రతిదానికీ వంక పెట్టేవాడు ఒక రకంగా చూస్తే సూక్ష్మమైన తేడాలు పట్టగలిగినవాడే. దాంతో సూక్ష్మమైన, ఖచ్చితమైన, అతి సున్నితమైన అనే అర్థాలు వచ్చి చేరాయి. సున్నితమైన రుచి, సున్నితమైన వంటకం అనుకుంటూ పోగా పోగా, ఇంపైన అనే అర్థం 18వ శతాబ్దం రెండో సగానికి గట్టిపడింది. 16, 17 శతాబ్దాల రాతల్లో ఎక్కడ ఏ అర్థంలో వాడారో తేల్చడం ఒక్కోసారి ఆరితేరిన నిఘంటుకారులకే సాధ్యం కాదు. ఆ రోజుల్లో ఒక మనిషిని నైస్ అంటే సిగ్గరి అనవచ్చు, సుకుమారి అనవచ్చు, చాదస్తుడు అనవచ్చు, తప్పుదారి పట్టినవాడు అని కూడా అనవచ్చు.

ఇది పండితుల గొడవే కదా, మనకెందుకు అనుకోవడానికి లేదు. డిగ్రీలో షేక్‌స్పియర్ పాఠంగా ఉన్న పిల్లలు ఇక్కడ తప్పక తడబడతారు. ‘రోమియో అండ్ జూలియట్’ చివరి అంకంలో, రోమియోకు చేరాల్సిన ఉత్తరం చేరలేదని తెలిసి, దాన్ని పంపిన సన్యాసి ఫ్రయర్ లారెన్స్ గుండె బాదుకుంటాడు. ఆ ఉత్తరం నైస్ కాదు, ఎంతో ముఖ్యమైన సంగతి అందులో ఉంది అంటాడు. ఇవాళ్టి అర్థం పెట్టుకుని చదివితే ఉత్తరం బాగోలేదని చెబుతున్నట్టు ఉంటుంది. అక్కడ నైస్ అంటే అల్పమైనది, లెక్క చెయ్యనక్కర్లేనిది. రెండు ప్రాణాలు పోవడానికి కారణమైన ఉత్తరం గురించి అన్న మాట అది. ఒక్క విశేషణం తప్పు చదివితే ఆ పెద్దాయన గోసంతా చేతిలోంచి జారిపోతుంది.

ఇంతకంటే మంచి ఉదాహరణ 1815 జూన్ 18న జరిగిన వాటర్లూ యుద్ధం. నెపోలియన్‌ను ఓడించిన మర్నాడు బ్రస్సెల్స్‌లో వెల్లింగ్టన్ డ్యూక్, థామస్ క్రీవీ అనే బ్రిటిష్ రాజకీయ నాయకుడితో మాట్లాడాడు. ఆ మాటల్ని క్రీవీ రాసిపెట్టాడు. తనూ, తన పక్షాన పోరాడిన ప్రష్యా సేనాని బ్లూషరూ కలిసి 30,000 మందిని పోగొట్టుకున్నామని చెప్పి, ఆ యుద్ధాన్ని వెల్లింగ్టన్ ‘నైస్ థింగ్’ అన్నాడు, అదీ ఒక తిట్టుమాట ముందు చేర్చి. ముప్పై వేలమంది పోయిన యుద్ధం ‘మంచి సంగతి’ ఎలా అవుతుంది? ఆయన ఉద్దేశం వేరు. త్రాసు ముల్లు ఎటైనా ఒరగగలిగేంత సున్నితంగా తూగింది, అంత దగ్గరి పోరు ఎన్నడూ చూసి ఉండరు అని. మన మాటల్లో చెప్పాలంటే, వెంట్రుకవాసిలో గట్టెక్కాం.

ఈ పాత అర్థం చచ్చిపోలేదు, కొన్ని మూలల్లో క్షేమంగా ఉంది. కోర్టు తీర్పుల్లో ‘నైస్ క్వశ్చన్ ఆఫ్ లా’ అనే మాట కనిపిస్తుంది. మన దేశపు తీర్పుల్లోనూ ఉంది. లాయరు మంచి ప్రశ్న అడిగాడని జడ్జిగారు మెచ్చుకుంటున్నారని దానర్థం కాదు. ఎటూ తేల్చడం కష్టమైన, చాలా సూక్ష్మమైన న్యాయ సమస్య అని అర్థం. అలాగే ‘నైస్ డిస్టింక్షన్’ అంటే సన్నటి గీత లాంటి తేడా. ‘నైసిటీస్’ అంటే సూక్ష్మమైన మర్యాదలు, వివరాలు. తీర్పుల్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు వీటిని ‘మంచి ప్రశ్న’, ‘మంచి తేడా’ అని రాస్తే అర్థం పాడవుతుంది. ఇక్కడ సరిపోయే తెలుగు మాట సున్నితం, సూక్ష్మం. పాత నైస్‌కు ఉన్న అర్థాలన్నీ దాదాపుగా మోయగల మాట ఇంకొకటి కూడా మనకు ఉంది: నాజూకు. ఫారసీ నుంచి వచ్చిన ఈ మాటలో సన్నదనం ఉంది, సుకుమారం ఉంది, ఇంపు ఉంది, ఎదుటివాడికి నొప్పి తెలియకుండా పని జరుపుకునే నేర్పూ ఉంది. నడుము నాజూకుగా ఉంటుంది, సమస్య నాజూకుగా ఉంటుంది, అప్పు అడిగినవాణ్ణి నాజూగ్గా తప్పించుకోవచ్చు.

ఈ దృష్టితో చూస్తే పిండి మర దగ్గర వినిపించిన నైస్ కూడా వింతగా అనిపించదు. ఇవాళ ఇంగ్లీషు దేశాల్లో ఎవరూ మెత్తటి పొడిని నైస్ పౌడర్ అనరు, ఫైన్ అంటారు. మనం మాత్రం అట్ల పిండి నైస్‌గా రుబ్బుతాం. సన్నగా, మెత్తగా ఉన్నదే మేలైనది అన్న భావన దాని వెనక ఉంది. సన్న బియ్యం అనగానే మంచి బియ్యం అనే ధ్వని వచ్చినట్టే ఇదీ. ‘నైస్‌గా తప్పించుకున్నాడు’లోని నైస్ అయితే పూర్తిగా మన నాజూగ్గా చేసే పనే చేస్తోంది. ఇలాంటివి తప్పు ఇంగ్లీషు అని కొందరు దిద్దబోతారు. దిద్దాల్సిన అవసరం లేదు. ఆ మాట తెలుగు వంటింట్లోకి వచ్చాక తెలుగు మాటే. అయితే అదే ధీమాతో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మసాలా పొడిని నైస్ అంటే వినేవాళ్ళు అది రుచిగా ఉందని అనుకుంటారు, అంతవరకు గుర్తుంటే చాలు.

ఇంపైన అనే ఇవాళ్టి అర్థం వ్యాపించేసరికి ఇంగ్లీషువాళ్ళకే విసుగొచ్చింది. ఆ విసుగును జేన్ ఆస్టెన్ ‘నార్తాంగర్ అబీ’ నవలలో పట్టుకున్నంత బాగా ఎవరూ పట్టుకోలేదు. ఆమె 1817 జులైలో చనిపోతే, ఆ ఏడాది చివర్లో అచ్చయిన నవల అది. బాత్ నగరం దగ్గర షికారుకు వెళ్తూ క్యాథరిన్ అనే అమ్మాయి తనకు నచ్చిన పుస్తకాన్ని ప్రపంచంలోకెల్లా నైసెస్ట్ పుస్తకం అంటుంది. పక్కనున్న హెన్రీ ఆటపట్టిస్తాడు: నైసెస్ట్ అంటే శుభ్రంగా ఉందనా, అయితే అది బైండింగును బట్టి ఉంటుంది కదా అని. ఆ తర్వాత ఒకే ఊపులో రోజును, నడకను, తనతో ఉన్న ఇద్దరు అమ్మాయిల్నీ నైస్ అనేసి, అన్నిటికీ పనికొచ్చే మాట ఇదొక్కటి దొరికిందంటాడు.

ఈ భాగాన్ని భాషా బోధకులు తరచుగా ఎత్తి చూపిస్తారు, నైస్ వాడకండి అని చెప్పడానికి. కానీ ఆ వెంటనే వచ్చే మాటే అసలు రుచి. హెన్రీ చెల్లెలు ఎలనర్ అందుకుని, ఆ మాట నిజానికి నీకే తగాలి, అదీ మెప్పు ఏమీ లేకుండా, నీకు నైస్‌నెస్ ఎక్కువ, వివేకం తక్కువ అంటుంది. అన్న ఏ అర్థాన్ని అసలైనదని మురిసిపోతున్నాడో, అంతకన్నా పాత అర్థంతో, వంకలు పెట్టే చాదస్తం అనే అర్థంతో అతన్నే కొట్టింది. పైగా మొదట్లో ఈ మాట శుభ్రతకు, నాజూకుకే వాడేవారేమోనని హెన్రీ అక్కడే అంటాడు. ఇంకాస్త వెనక్కి వెళ్తే అక్కడ ఉన్నది తెలివితక్కువతనం. అసలు అర్థం ఇదే అని ఎక్కడో ఒక చోట గీత గీసేవాళ్ళందరికీ ఈ చిక్కు తప్పదు.

వందేళ్ళ తర్వాత, 1926లో వచ్చిన తన వాడుక నిఘంటువులో హెచ్.డబ్ల్యు. ఫౌలర్ ఈ మాటకు పట్టిన గతికి ఆడవాళ్ళ ముచ్చటే కారణమన్నట్టు రాశాడు. వాళ్ళకు మరీ ఇష్టమైపోయి, దాని ప్రత్యేకతంతా పోయి, ఏదో కాస్త బాగుందని చెప్పే మాటగా మిగిలిపోయిందని ఆయన బాధ. బాధ సరే, నింద సరైంది కాదు. మాటలు పలచబడేది ఎవరో ఒక వర్గం వాడటం వల్ల కాదు, అందరికీ అవసరమవడం వల్ల. ప్రతిసారీ కొలిచి మెచ్చుకోవడానికి మనిషికి తీరిక ఉండదు. నొప్పించకుండా, ఎక్కువ పొగడకుండా, సంభాషణ ముందుకు సాగడానికి ఒక మాట కావాలి. ఇంగ్లీషులో ఆ బాధ్యత నైస్ మీద పడింది. ఇంగ్లండ్ బళ్ళలో వ్యాసాల్లో ఆ మాట రాయవద్దని టీచర్లు చెబుతారు. రాతకు అది మంచి సలహాయే. మాటకు మాత్రం పనికిరాదు.

మాట్లాడే ఇంగ్లీషులో దీని బరువెంత? ఫైన్ కంటే కాస్త పైన, గ్రేట్ కంటే చాలా కింద అని స్థూలంగా చెప్పుకోవచ్చు. సినిమా ఎలా ఉందంటే ‘ఇట్ వాజ్ నైస్’ అన్నారనుకోండి, డబ్బులు దండగ కాలేదు, అలాగని మళ్ళీ వెళ్ళరు. తెలుగులో దీన్ని ‘బాగుంది’ అని మార్చుకుంటే బరువు పెరిగిపోతుంది. మన భాష ఈ కొలతను ఒక్క అక్షరంతో చూపిస్తుంది. ‘బాగుంది’ మెప్పు. ‘బాగానే ఉంది’ అన్నప్పుడు ఆ ‘నే’ చేరగానే మెప్పు సగానికి పడిపోతుంది. ‘బా...గుంది’ అని దీర్ఘం తీస్తే రెట్టింపవుతుంది. ‘పర్లేదు’ అంటే ఇంకో మెట్టు దిగినట్టు. ఆ సినిమా గురించి అన్న నైస్‌కు సరైన తెలుగు ‘బాగానే ఉంది’. అమెరికా యూనివర్సిటీలో చేరిన కొత్తలో ప్రొఫెసరు తన పేపరు చూసి ‘దిస్ ఈజ్ నైస్’ అన్నాడని సంబరపడిన పిల్లలు, ఆ వెనకే వచ్చే మార్పుల జాబితా చూసి నీరుగారిపోతారు. ఆ నైస్ మర్యాదపూర్వకమైన గుమ్మం మాత్రమే, అసలు మాట దాని తర్వాత ఉంటుంది.

పక్కన ‘క్వైట్’ చేరితే ఇంకో చిక్కు. అమెరికా మనిషి ‘క్వైట్ నైస్’ అంటే చాలా బాగుందని. బ్రిటన్ మనిషి అదే మాట అంటే చాలాసార్లు పర్లేదు, ఓ మోస్తరు అని. లండన్‌లో ఉన్న అన్న, డాలస్‌లో ఉన్న చెల్లెలు ఈ ఒక్క మాటను రెండు రకాలుగా వింటారు.

‘వెరీ’ చేరిస్తే బరువు పెరుగుతుందనుకుంటాం. పెరుగుతుంది, కొద్దిగా. గొంతు చేసే పని దానికంటే చాలా ఎక్కువ. ఎవరో మంచి గోల్ కొట్టినప్పుడు ‘నైస్!’ అని ఒక్క అరుపు అరిస్తే అది నిండు మెప్పు. అదే మాటను కాస్త లాగి, తల పంకిస్తూ అంటే ‘వెరీ’ అక్కర్లేకుండానే అభినందన. చేతిలోంచి గాజు గ్లాసు జారి పగిలినప్పుడు అదే ‘నైస్’ ఎత్తిపొడుపు. తెలుగులో ‘బాగుంది వరస’, ‘బాగానే ఉంది సంబడం’ చేసే పని అది. ‘నైస్ ట్రై’ కూడా చూడటానికి మెప్పులా ఉంటుంది. పిల్లవాడు బంతి అందుకోబోయి వదిలేస్తే అది ఓదార్పు. ఎవరైనా మాయ చెయ్యబోయి దొరికిపోతే ‘నీ పప్పులు ఉడకలేదులే’ అని.

మెచ్చుకోలు ఎటు నుంచి ఎటు ప్రవహిస్తుందన్నది ఇంకో సంగతి. మనకు శభాష్, భేష్ ఉన్నాయి, రెండూ ఫారసీ నుంచి వచ్చినవే. ‘శాద్ బాష్’ అంటే సంతోషంగా ఉండు అని. అది దీవెన కనక పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను అనాలి. పాఠం బాగా చెప్పిన మాస్టారితో శిష్యుడు శభాష్ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, ‘చాలా బాగా చెప్పారండీ’ అంటాడు. ఇంగ్లీషులో ఇలాంటి హెచ్చుతగ్గులు లేవనుకుని ఆఫీసులో పైఅధికారికి ‘నైస్ జాబ్’ అని మెయిల్ పెడితే అక్కడా అదే ఎబ్బెట్టు. పని బాగా చేశావని భుజం తట్టేది తట్టే హోదా ఉన్నవాళ్ళే. చనువున్న చోట ఇది పట్టింపు కాదు. కొత్త చోట ‘ఐ రియల్లీ లైక్డ్ ఇట్’ లాంటి మాట భద్రం, ఎందుకంటే అందులో తీర్పు లేదు, తన ఇష్టం ఉంది.

మనుషుల విషయంలో నైస్ దాదాపుగా ప్రవర్తనకే పరిమితం. ‘హీ ఈజ్ నైస్’ అంటే పలకరింపుగా ఉంటాడు, విసుక్కోడు, ఎదుటివాళ్ళను నొప్పించడు. ‘హీ ఈజ్ గుడ్’ అంటే పనిలో దిట్ట కావచ్చు, ధర్మం తప్పనివాడు కావచ్చు. ‘కైండ్’ అంటే తన సుఖం వదులుకునైనా సాయం చేసేవాడు. నైస్‌గా ఉంటూనే కైండ్ కాని మనుషులు ఉంటారు. కరకుగా మాట్లాడుతూ కైండ్‌గా ఉండేవాళ్ళూ ఉంటారు. మన ఊళ్ళలో ‘నోరు చేదు గానీ మనసు వెన్న’ అనేది ఇలాంటివాళ్ళనే. ‘మంచివాడు’ అనే తెలుగు మాట ఈ మూడింటినీ కలిపి మోస్తుంది కాబట్టి, ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఏ మంచితనం అన్నది విడదీసి చూసుకోవాలి. పెళ్ళిచూపుల తర్వాత అబ్బాయి ఎలా ఉన్నాడంటే ‘నైస్’ అని ఊరుకుందంటే, విదేశాల్లో పెరిగిన అమ్మాయి విషయంలో అది ఒప్పుకున్నట్టు లెక్క వెయ్యకూడదు. మర్యాదగా మాట్లాడాడు అన్నంత వరకే ఆ మాట హామీ ఇస్తుంది.

నైస్‌లో ఉన్న ఈ ఎదుటివాళ్ళకు దారి ఇచ్చే గుణాన్ని చక్కగా పట్టుకున్నది, అనుకోకుండా, కంప్యూటర్ రంగం. యూనిక్స్, లైనక్స్ వ్యవస్థల్లో ‘నైస్’ అనే కమాండ్ ఉంది. ఒకేసారి నడుస్తున్న ప్రోగ్రాముల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది నిర్ణయించడానికి ప్రతి ప్రోగ్రాముకూ ఒక నైస్ విలువ ఉంటుంది. లైనక్స్‌లో అది మైనస్ 20 నుంచి 19 వరకు. మామూలుగా సున్నా. కొత్తగా నేర్చుకునేవాళ్ళు విలువ ఎక్కువైతే ప్రాధాన్యం ఎక్కువ అనుకుంటారు. జరిగేది దానికి రివర్స్. 19 ఉన్న ప్రోగ్రాము అందరికంటే నైస్, అంటే “మీరు కానివ్వండి, నేను తర్వాత” అని పక్కకు జరిగేది. మైనస్ 20 ఉన్నది అందర్నీ తోసుకుని ముందుకెళ్ళేది, అలా తోసుకెళ్ళే హక్కు మామూలు యూజర్‌కు ఉండదు. మాట అర్థం తెలిసినవాళ్ళకు ఈ అంకెలు బట్టీ పట్టక్కర్లేదు.

కొన్ని కట్టుబడి ప్రయోగాలకు మాటకు మాట వెతకడం వృథా. ‘నైస్ టు మీట్ యు’ మొదటిసారి కలిసినప్పుడే. రెండోసారి నుంచి ‘నైస్ టు సీ యు’. దీన్ని ‘మిమ్మల్ని కలవడం సంతోషంగా ఉంది’ అని తెలుగు చేస్తే టీవీ యాంకరు మాటలా ఉంటుంది. మనవాళ్ళు అనేది “మీ గురించి వినడమే గానీ చూడటం ఇదే మొదలండీ” అని. ‘ఇట్ వాజ్ నైస్ ఆఫ్ యు టు కమ్’ అన్నది ‘మీరొచ్చారు, అదే పదివేలు’. ‘నైస్ అండ్ హాట్’ అనే జంట ఇంకా గమ్మత్తైనది. అక్కడ నైస్ వేడిని మెచ్చుకోవడం లేదు, వేడి ఎంత ఉండాలో అంత ఉందని చెబుతోంది. ఈ పనికి తెలుగులో జంట మాటలున్నాయి. వేడివేడిగా టీ, చల్లచల్లగా మజ్జిగ, వెచ్చవెచ్చగా దుప్పటి. ‘నైస్ అండ్ క్రిస్పీ’ అంటే కరకరలాడుతూ అని, ఇంతకంటే దగ్గరి అనువాదం ఉండదు.

అన్నట్టు, ఫ్రాన్స్‌లోని నీస్ నగరానికీ ఈ మాటకూ ఏ సంబంధం లేదు. ఇంగ్లీషులో రెండింటి స్పెల్లింగూ ఒకటే కావడం వల్ల వచ్చిన గందరగోళం అది. గ్రీకు ‘నికాయా’ నుంచి వచ్చిన ఆ ఊరి పేరులో విజయ దేవత నైకీ ఉంది. తెలుగు పత్రికల్లో అప్పుడప్పుడూ నైస్ అని పడుతుంటుంది, నీస్ అని రాయడమే సరి.

మన సోషల్ మీడియాలో నైస్ స్థాయి ఇంగ్లీషులో కంటే ఇంకా పడిపోయింది. ఫోటోల కింద సూపర్ ఉంది, కేక ఉంది, అదుర్స్ ఉంది, నిప్పు బొమ్మలున్నాయి. వాటి మధ్య ఉత్త ‘నైస్’ అంటే చూశాను అని సంతకం పెట్టినట్టు. దగ్గరి స్నేహితుడు అలా రాస్తే, ఏమైందిరా అని ఫోన్ చేసి అడిగేంత. ఇందులో బాధ పడాల్సింది నైస్ గురించి కాదు. ఏది బాగుందో తెలుగు ప్రతిసారీ విడదీసి చెప్పమంటుంది. వాసన అయితే కమ్మన, గాలి అయితే హాయి, గొంతు అయితే ఇంపు, ఇల్లు అయితే ముచ్చట, రాత అయితే చక్కన, పిల్లాడైతే బుద్ధిమంతుడు, సాయంత్రం అయితే ఆహ్లాదం. బిరియానీకీ, బిడ్డ నవ్వుకూ, కొత్త బండికీ ఒకే నాలుగక్షరాల ఇంగ్లీషు మాట టైపు చేసే అలవాటు వల్ల, ఏ ఇంద్రియానికి ఏ మెప్పు అన్న ఆ తేడా నాలుక మీద నుంచి జారిపోతోంది. పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి నైస్ స్మెల్‌కు తెలుగు అడిగితే ‘మంచి వాసన’ దగ్గరే ఆగిపోతున్నారు. నేతిలో జీలకర్ర వేగుతున్నప్పుడు వచ్చేది మంచి వాసన మాత్రమే కాదు కదా.

అదీ కాక, తెలుగింట్లో మెప్పు చాలాసార్లు విశేషణంలో ఉండదు. గుత్తివంకాయ కూర వండిన అమ్మ ఎలా ఉందని అడగదు, “ఉప్పు సరిపోయిందా?” అంటుంది. ఆ ప్రశ్నకు నైస్ అని జవాబిస్తే ఆవిడకు ఏమీ తెలియదు. ‘ఆ, సరిపోయింది’ అన్నా పూర్తిగా నమ్మదు. తినేవాడు మాట్లాడకుండా కంచం కాస్త ముందుకు జరిపి, “ఇంకొక కాయ వెయ్యి” అనేదాకా గరిటె చేతిలోనే పట్టుకుని నిలబడుతుంది.